గుంజ మీద ఎర్ర అంకె

పొద్దున్న ఇద్దరు కుర్రాళ్లు వచ్చి మా గేటు పక్క గోడ మీద ఎర్ర రంగుతో ఒక అంకె వేసి వెళ్లారు. మర్యాదస్తులే. వెయ్యడానికి ముందు నన్ను అడగలేదు గానీ, వేశాక "గీలా హై ఆంటీ, ముట్టుకోకండి" అని హెచ్చరించారు.

"దేనికి బాబూ ఈ అంకె?" అన్నాను.

"సర్వే."

"దేని సర్వే?"

"ఊపర్ సే ఆర్డర్ హై."

పైనుంచి వచ్చేవి నాకు తెలిసి రెండే, వానా, ఆర్డరూ. వానైతే ముందు కాస్త ఉరుముతుంది.

పోర్ట్ బ్లెయిర్ డైరీ ఫార్మ్‌లో మా వీధంతా అంకెలే. ఎదురింటావిడ ఇంటి పన్ను కోసం అయ్యుంటుంది దీదీ అంది. పక్కింటాయన దోమల మందు కొట్టేవాళ్ల గుర్తన్నాడు. ఎవరికి నిద్రపట్టే కారణం వాళ్లు వెతుక్కున్నారు. భయపడ్డవాళ్లెవరూ లేరు. తలుపులు మాత్రం అందరూ వేసుకున్నారు.

నేను గేటు దగ్గరే ఉండిపోయాను, ఆ వాసన వదల్లేదు. ఎర్ర రంగు, టర్పెంటైను, ఎండకి వేడెక్కిన గోడ. ఇందులో ఎండబెట్టిన నెత్తళ్ల చేపల వాసన ఒక్కటే తక్కువ. అదీ ఉంటే నాకు మళ్లీ పదేళ్లే.

సిప్పీఘాట్ దాటాక బస్సు దిగి, మడ చెట్ల పక్క గట్టు మీద నడిస్తే మా పేట వచ్చేది. ఇప్పుడు అదే దారిన నడిస్తే నీళ్లొస్తాయి. కర్ర గుంజల మీద పలకల ఇళ్లు, రేకుల కప్పులు, ముందు చిన్న ఇసుక ఒడ్డు, వెనక కొబ్బరి చెట్లు. మా వాళ్లందరూ శ్రీకాకుళం, విశాఖ ఒడ్డుల నుంచి షిప్పెక్కి వచ్చినవాళ్లు. అక్కడా సముద్రముంది కదా, ఇంత దూరం ఎందుకొచ్చారని మామ్మనడిగితే, "ఉంది గానీ ఒలే, అక్కడ మన కన్నా ముందు లేసేవోల్లు ఎక్కువ" అనేది. నాన్నని కన్న తల్లి ఆవిడ. నాన్న దీవుల మధ్య తిరిగే షిప్పులో ఖలాసీ, ఇంటికి చుట్టంలా వచ్చేవాడు. ఇంటికి పెద్ద మామ్మే. పేటకి కూడా అని ఆవిడ అభిప్రాయం. పేటకి వేరే కులపెద్ద ఉన్నాడని ఆయన అభిప్రాయం.

మెయిన్‌లాండ్ షిప్పు ఆలస్యమైతే చింతపండు ఉండేది కాదు. అప్పుడు పచ్చిమామిడి వేసి కానాగంతల పులుసు. నెత్తళ్లు కొబ్బరినూనెలో వేయించేవాళ్లు. విశాఖ నుంచి వచ్చిన చుట్టాలు ఆ నూనె వాసనకి ముక్కు మూసుకుని, నోరు మాత్రం తెరిచే ఉంచేవారు.

గట్టుకి పైన, వాలులో, తెలుగు క్రైస్తవుల ఇళ్లు నాలుగైదు ఉండేవి. ఆదివారం వాళ్ల పాటలు కిందికి, మా చేపల వాసన పైకి వెళ్లేవి. ఎవరూ ఫిర్యాదు చేసుకోలేదు. అక్కడి ఉపదేశి గారు ఆరు రోజులు తాపీపని చేసి ఏడో రోజు వాక్యం చెప్పేవారు. ఆయన కూతురు నా జట్టు. మేమిద్దరం కలిసి చెయ్యని పని లేదు, చేసినట్టు ఒప్పుకున్న పనీ లేదు.

పేటకి ఒక పెద్దవల ఉండేది. పడవలో వెళ్లి దాన్ని నీళ్లలో వంపుగా దించి వస్తే, రెండు చివరల తాళ్లనీ ఒడ్డున ఉన్నవాళ్లు లాగాలి. ఆడా మగా పిల్లాజెల్లా అందరం లాగేవాళ్లం. తాడు పట్టుకుని వెనక్కి నడుస్తూ లాగుతాం కదా, అలా నడిచి నడిచి కొబ్బరి చెట్ల దాకా వచ్చేసిన మనిషి తాడు వదిలి, ముందుకి పరిగెత్తి, నీళ్ల దగ్గర మళ్లీ పట్టుకోవాలి. వరస అలా తిరుగుతూనే ఉంటుంది. నీళ్ల దగ్గర తాడు బరువు, అల తన్నుతుంది. అక్కడ పొద్దంతా ఒక్కరే ఉండిపోరు. కొబ్బరి నీడలోనూ పొద్దంతా ఒక్కరే ఉండిపోరు. చేప ఒడ్డెక్కేదాకా, నా వంతు అయిపోయింది అనే మాటే లేదు.

తాడు ముట్టుకున్న ప్రతివాళ్లకీ పాలు, అంటే వాటా. దారిన పోయే బెంగాలీ ముసలమ్మ అయినా, గట్టు మీద మట్టిపని చేసే రాంచీ కూలీలైనా, ఒక చెయ్యి వేస్తే వాళ్ల బుట్టలో చేప పడాల్సిందే. ఉపదేశి గారు ఆదివారం తాడు ముట్టేవారు కాదు. ఆయన భార్య ముట్టేది. "దేవుడు సూసేది ఈయన్ని గదా, నన్ను కాదులే" అనేది. నేనూ నా జట్టూ చివరి నిమిషంలో వచ్చి తాడుని వేలితో తాకి పాలు అడిగేవాళ్లం. మామ్మ కాదనేది కాదు. "ఏలెట్టి ముట్టుకున్నోల్లకి ఏలంత సేప" అని ఒక నెత్తలు చేతిలో పెట్టేది.

ఆ ఏడు రేడియో దేశమంతా ప్రశాంతంగా ఉందని చెప్పడం మొదలుపెట్టింది. మొదట మామ్మ సంతోషించింది. రోజూ చెప్తుంటే అనుమానపడింది.

"ఇంట్లో అందరూ బాగుంటే రోజూ గుమ్మంలో నిలబడి కేకేసి సెప్తారేటి?" అంది.

షిప్పులో వచ్చే పేపరు టీ కొట్లో పాతబడేదాకా ఒకరు గట్టిగా చదివితే పదిమంది వినేవాళ్లు. ఆ ఏడు ఎవరికి వాళ్లు చదువుకోవడం మొదలుపెట్టారు. మనిషి నోరు మూసుకుని పేపరు చదవడం నేను అప్పుడే మొదటిసారి చూశాను. చదివేసి మడిచి, ఏమీ లేదన్నట్టు తలూపి పక్కవాళ్లకిచ్చేవారు. పక్కవాళ్లూ అలాగే.

వానాకాలం ముందు, గాలి పడిపోయి సముద్రం నూనె పోసినట్టున్న రోజుల్లో, జీపు వచ్చింది. రంగు డబ్బా, బ్రష్షూ పట్టుకుని మనుషులు దిగి ప్రతి ఇంటి ముందు గుంజ మీదా ఎర్రగా ఒక అంకె వేసుకుంటూ వెళ్లారు. మామ్మ అడిగితే వాళ్లు హిందీలో చాలాసేపు చెప్పారు.

"ఏటన్నారురా?" అని మామ్మ చిన్నాన్ననడిగింది.

"ఏటీ అనలేదే అమ్మా" అన్నాడు చిన్నాన్న.

చిన్నాన్న మామ్మ ఆఖరి కొడుకు. పడవ ఇంజన్లు బాగుచేసేవాడు. హిందీ, తెలుగు, బెంగాలీ, మూడింట్లోనూ ఆపకుండా మాట్లాడేవాడు. మాట ఆయనకి ఎండుచేప లాంటిది, పక్కన లేకపోతే ముద్ద దిగేది కాదు.

ఆ అంకెల గురించి టీ కొట్లో సిద్ధాంతాలు పుట్టాయి. ఒడ్డంతా తీసుకుని పెద్ద జెట్టీ కడతారని ఒకరు, కాదు, మనల్ని ఇంకో దీవిలో పెడతారని ఇంకొకరు. కరెంటు ఇస్తారట అని ఒకాయన అన్నాడు. అందరూ ఆయన వైపు జాలిగా చూశారు.

నేనూ నా జట్టూ ఆ అంకెల్ని చూసి ఊరుకోలేకపోయాం. మా ఇంటి గుంజ మీద అంకె చుట్టూ పసుపు రాసి, మధ్యలో బొట్టు పెట్టాం. బాగుందనిపించి పేటంతా పెట్టుకుంటూ పోయాం. రెండు రోజుల్లో పెద్దవాళ్లు కొందరు దానికి దణ్ణం పెట్టుకుని సముద్రం మీదికెళ్లడం మొదలైంది. ఒక గుంజకి మందార పువ్వు కూడా వచ్చింది. మళ్లీ వచ్చిన జీపువాళ్లు అంకె సరిచూసుకోవడానికి చెప్పులు విడిచారు. ఉపదేశి గారు మాత్రం మామ్మ దగ్గరికొచ్చి నిలబడ్డారు.

"అమ్మా, మా ఇంటి గుర్తుకి కూడా బొట్టెట్టేశారు."

"మీ పాపే గదా ఎట్టింది, బావూ" అంది మామ్మ.

ఆయన ఇంటికెళ్లారు. ఆ సాయంత్రం పైనుంచి పాటకి బదులు నా జట్టు ఏడుపు వినిపించింది.

ఇవన్నీ నవ్వుకునే రోజులే. తర్వాత టీ కొట్లో కొత్త మనిషి కనిపించాడు. ఇస్త్రీ చొక్కా. మా పేటలో పెళ్లికొడుకు కూడా అంత మడతలున్న చొక్కా వెయ్యడు. టీ తాగేవాడు, ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు, అందరి మాటలూ వినేవాడు. అది తెలిసి మిగతావాళ్లు చేపల గురించీ గాలి గురించీ మాట్లాడేవాళ్లు. చిన్నాన్నకి తెలిసినా నోరాగలేదు.

"ఎవరన్నా సెప్పండి భయ్యా, ఈ నంబరు దేనికి? మేకలకైనా రంగేసేది కోసే ముందే గదా" అన్నాడు గట్టిగా.

ఎవరూ నవ్వలేదు. ఇస్త్రీ చొక్కా ఆయన గ్లాసు కిందపెట్టి వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున్న పోలీసు జీపు వచ్చింది. చిన్న పూఛ్‌తాఛ్, రెండు ప్రశ్నలు, గంటలో పంపించేస్తామన్నారు. చిన్నాన్న పళ్లు తోముకుంటున్నాడు. నోరు కడుక్కోనిచ్చారు. గంట కాదు, చాలా రోజులు పట్టింది. మామ్మ రోజూ బస్సెక్కి వెళ్లి, ఆయన్ని ఉంచిన పోలీసు స్టేషను గేటు బయట కూర్చుని, సాయంత్రం వచ్చేసేది. ఎక్కడికెళ్లావని అడిగితే బజారుకి అనేది. బుట్ట ఖాళీగా ఉండేది.

చిన్నాన్న తిరిగొచ్చాడు. ఒంటి మీద దెబ్బ లేదు. మామ్మ చొక్కా విప్పించి చూసింది. మనిషంతా అలాగే ఉన్నాడు, మాట ఒక్కటే రాలేదు. ఏమడిగారురా అంటే గోడ వైపు తిరిగేవాడు. ఆ గోడకెదురుగా కూర్చుని వల అల్లేవాడు. చిరిగిన వల అయిపోయాక, బాగున్న వల విప్పి మళ్లీ అల్లేవాడు. నేను వెళ్లి పక్కన కూర్చుంటే దారం అందించమని వేలితో చూపించేవాడు. నాతో హిందీ పాటలు పాడించి తప్పులు పట్టిన మనిషి.

ఆయన్ని చూసి పేట కూడా నోరు మూసుకుంది. టీ కొట్లో గ్లాసుల చప్పుడు వినపడేది. అంతకుముందు గ్లాసులకి చప్పుడుందని నాకు తెలీదు.

అప్పుడు కొట్టు గోడ మీద కాగితం అతికించారు. హిందీలో ఒకటి, ఇంగ్లీషులో ఒకటి. చదివి చెప్పడానికి చిన్నాన్న లేడు, అంటే ఉన్నాడు గానీ లేడు. ఉపదేశి గారిని పిలిచారు. ఆయనకొచ్చిన తెలుగు చదువంతా బైబిలు తెలుగే. కళ్లజోడు సర్దుకుని తెలుగులోకి మార్చి చదివారు.

"ఇదిగో, నియమింపబడిన దినమున ప్రతివాడును తానే వచ్చి, తన పేరును తన తండ్రి పేరును బిగ్గరగా పలికి, తన అభ్యంతరమును తెలుపవలెను. వచ్చిన వారెల్లరును ఆలకింపబడుదురు. రానివానికి ఏ అభ్యంతరమును లేదని ఎంచబడును. అటుపిమ్మట ఆ స్థలము ఖాళీ చేయబడును."

వెనకనుంచి ఎవరో ఆమెన్ అన్నారు. అలవాటు.

కులపెద్ద ఇంటి ముందు అందరూ కూర్చున్నారు. ఆయన చాలాసేపు గడ్డం గోక్కుని, "పేరు సెప్పినోడికి ఏటవుద్దో సూసినాం గదా" అన్నాడు. అందరి చూపూ మా ఇంటి వైపు తిరిగింది. "మనం ఎల్లొద్దు. పెద్దోల్లకి సానా పనులుంటాయి. మర్చిపోతారు."

మామ్మ గుమ్మంలోంచే అంది, "మర్చిపోడానికేటి బావూ గుంజల మీద అంకెలేసినారు?"

"అయితే నువ్వెల్లి సెప్పు. మొదట నువ్వు నిలబడు."

"నిలబడతాను. తరవాత నువ్వుంటావా?"

కులపెద్ద మళ్లీ గడ్డం గోక్కున్నాడు. గాలి లేక కొబ్బరాకు కూడా కదల్లేదు.

మర్నాటి నుంచి మామ్మ బుట్ట నెత్తిన పెట్టుకుని ఊళ్లు తిరిగింది. నన్ను తోడు తీసుకెళ్లేది. ప్రోతరాపూర్ దాకా, మా వల తాడు ఎప్పుడైనా ముట్టుకున్న ప్రతి ఇంటికీ వెళ్లింది. అభ్యంతరం, సునవాయీ అంటే విచారణ, ఇలాంటి మాటలు ఆవిడకి రావు. "లచ్చివారం తాడు పట్టాల, వచ్చీండి" అనేది, అంతే.

బెంగాలీ ముసలమ్మకి తెలుగు రాదు. మామ్మ తాడు లాగుతున్నట్టు చేతులతో చూపించింది. ఆవిడ తలుపు దగ్గరే చాలాసేపు ఆలోచించి, "మేరా బేటా మనా కరేగా" అంది. కొడుకు వద్దంటాడట.

"మరి కొడుక్కి సెప్పకు దీదీ" అంది మామ్మ.

టీ కొట్టాయన, "అమ్మా, నాకు దుకానుంది" అన్నాడు.

"ఉంది గనకే సెప్తన్నాను."

చాలామంది చూద్దాం అన్నారు. చూద్దాం అంటే రాము అని మా ఇద్దరికీ తెలుసు.

బుధవారం సాయంత్రం ఇస్త్రీ చొక్కా ఆయన మళ్లీ కొట్లో కూర్చున్నాడు. కొట్టాయన డబ్బులు తీసుకోకుండా టీ ఇచ్చాడు. ఇంట్లో అమ్మ గిన్నెల్ని గోనెసంచిలో సర్దింది. తాతయ్య ఫోటో గోడ నుంచి దించి చీరలో చుట్టింది. మామ్మ చూసి, ఆ ఫోటో విప్పి, మళ్లీ మేకుకి తగిలించింది. వంకరగా ఉందని రెండుసార్లు సరిచేసింది. అత్తాకోడళ్లు పోట్లాడుకోకపోయేసరికి నాకు భయమేసింది.

లక్ష్మీవారం పొద్దున్న బస్సు స్టాపులో మామ్మ, అమ్మ, నేను, ఉపదేశి గారి కుటుంబం, ఇంకో అయిదారుగురు. చిన్నాన్న కూడా వచ్చాడు. ఎవరూ రమ్మనలేదు. మా వెనకే నడిచొచ్చి దూరంగా నిలబడ్డాడు. టీ కొట్టాయన కొట్టు ఎవరికో అప్పగించి వచ్చాడు. కులపెద్ద చివరి నిమిషంలో వచ్చి, తనకి బజార్లో పనుందని అందరికీ చెప్పాడు. ప్రోతరాపూర్‌లో బస్సాగింది. బెంగాలీ ముసలమ్మ ఎక్కింది. రాంచీ కూలీలు ఎక్కారు. అందరికీ బజార్లో పనుంది. పోర్ట్ బ్లెయిర్ బజారుకి అంత గిరాకీ నేను మళ్లీ చూళ్లేదు.

విచారణ జరిగే హాలు పెద్దది. పైన ఫ్యాన్లు, గుమ్మంలో పోలీసు. బల్ల వెనక పెద్దసాబ్, అలిసిపోయిన మనిషి, రుమాలుతో మెడ తుడుచుకుంటూ. పక్కన గుమస్తా. మూలన కుర్చీలో, ఏ పనీ లేనట్టు, ఇస్త్రీ చొక్కా ఆయన. ఆయన్ని చూశాక వచ్చినవాళ్లలో సగం మంది గోడకి ఆనుకున్నారు.

"కౌన్ పహ్‌లే?" అన్నాడు గుమస్తా, ముందు ఎవరని.

ఎవరూ కదల్లేదు. ఫ్యాను తిరుగుతోంది. సాబ్ గడియారం చూసుకున్నాడు. ఎవరూ లేకపోతే అయిపోయినట్టే, సంతకం పెట్టి భోజనానికి వెళ్లొచ్చు. మామ్మ లేచి, ఖాళీ బుట్ట నాకిచ్చి, బల్ల దగ్గరికెళ్లింది. తన పేరూ తండ్రి పేరూ అవతలి గదికి కూడా వినపడేలా చెప్పింది.

"సాబ్, మా ఇల్లు ఉంది. ఉండనీండి."

ఉపదేశి గారు హిందీలో చెప్పారు. మామ్మ వెనక్కి వచ్చి, గోడ దగ్గర చివర నిలబడింది. ఉపదేశి గారి భార్య వెళ్లింది. తర్వాత అమ్మ. తర్వాత నేను. నా పేరూ నాన్న పేరూ చెప్పాక ఏం చెప్పాలో తెలియలేదు.

"మా పిల్లి ఈనింది" అన్నాను. "ఇప్పుడు కదపకూడదు."

గుమస్తా నవ్వబోయాడు. సాబ్ నవ్వలేదు. "లిఖో" అన్నాడు, రాసుకో అని.

కులపెద్ద బస్సు వేళల గురించి మాట్లాడాడు. టీ కొట్టాయన కిరసనాయిలు గురించి. బెంగాలీ ముసలమ్మ అరగంట బెంగాలీలో మాట్లాడింది. ఎవరికీ అర్థం కాలేదు, కానీ చివర్లో ఆవిడ ఏడిస్తే మా వాళ్లు కొందరు ఏడ్చారు. అందరూ అయ్యారు. గుమస్తా కలం మూత పెట్టాడు. అప్పుడు మామ్మ మళ్లీ వచ్చి బల్ల ముందు నిలబడింది.

"తుమ్హారా హో గయా నా, అమ్మా?"

మామ్మ ఉపదేశి గారి వైపు చూసింది. నీదైపోయింది కదా అంటున్నారమ్మా అన్నారాయన.

"ఏటైపోనాది? సేప ఒడ్డెక్కిందేటి?"

ఇది ఎత్తుగడ అని, ఎవరో చదువుకున్నవాళ్లు నేర్పారని తర్వాత కొందరన్నారు. ఎవరూ నేర్పలేదు. ఒకసారి చెప్పేసి ఇంటికి పోవాలని మా వాళ్లకి నిజంగా తెలీదు. వరసలో చివరికొస్తే మళ్లీ ముందుకెళ్లాలి, మా వాళ్లకి తెలిసిన వరస అదొక్కటే. మామ్మ వెనక ఉపదేశి గారి భార్య, ఆవిడ వెనక అమ్మ, అప్పటికే నిలబడి ఉన్నారు. గుమస్తా నిబంధనల పుస్తకం తిరగేశాడు. వచ్చినవాళ్లందర్నీ వినాలని ఉంది. ఒకసారే వినాలని ఎక్కడా లేదు. రాసినవాళ్లకి మా పేట గురించి తెలిసుండదు. సాబ్ భోజనం డబ్బా పక్కకి జరిపి, "చలో" అన్నాడు.

వరస తిరుగుతోంది. తిరిగేకొద్దీ గోడకి ఆనుకున్నవాళ్లు ఒక్కొక్కరే వచ్చి కలిశారు. ముందు ఎప్పుడూ ఒకే మనిషి ఉండడు కదా, ఒక్కసారి ముందుకెళ్లొస్తే మళ్లీ వెనక నీడ ఉంది. పిల్లి పిల్లలు ఇంకా కళ్లు తెరవలేదని నేను రెండోసారి చెప్పాను.

అందరితోపాటు జరుగుతూ జరుగుతూ చిన్నాన్న బల్ల ముందుకి వచ్చాడు. మూలన ఇస్త్రీ చొక్కా ఆయన కాలు మీద కాలు తీసి కింద పెట్టాడు.

"నామ్?" అన్నాడు గుమస్తా.

చిన్నాన్న నోరు తెరిచాడు. మాట రాలేదు. గొంతు కదిలింది, పెదాలు కదిలాయి, ఏమీ రాలేదు. ఇస్త్రీ చొక్కా ఆయన చిన్నగా నవ్వాడు. మామ్మ ముందుకెళ్లి ఆ పేరు తనే చెప్పేస్తుందనుకున్నాను. ఆవిడ కదల్లేదు. "ఎనక్కి రా నాయనా, ఎనకోల్లున్నారు" అంది, రోజూ ఒడ్డున చెప్పేటట్టే. చిన్నాన్న వెనక్కి వచ్చి చివర నిలబడ్డాడు.

వరస తిరిగి మళ్లీ ఆయన వంతొచ్చింది. ఈసారి బల్ల అంచు రెండు చేతులతో పట్టుకున్నాడు. మాట రాలేదు. వెనక్కి వచ్చాడు. ఆయన వెనక నిలబడ్డ రాంచీ కూలీ ఏమీ జరగనట్టు ముందుకి జరిగి తన పేరు చెప్పాడు.

కిటికీలోంచి ఎండ వాలిపోయింది. దీపాలు వేశారు. చిన్నాన్న మళ్లీ వచ్చాడు. నేను కళ్లు మూసుకున్నాను. గుమస్తా ఈసారి నామ్ అని కూడా అడగలేదు.

చిన్నాన్న తన పేరు చెప్పాడు. తాతయ్య పేరు చెప్పాడు. గొంతు ఎవరిదో పాత రేడియోలా గరగరమంది. తర్వాత హిందీలో, నెమ్మదిగా అన్నాడు. "ఆ రోజు టీ కొట్లో అడిగింది మళ్లీ అడుగుతున్నాను సాబ్. ఆ నంబరు దేనికి?"

సాబ్ మూలన కుర్చీ వైపు చూశాడు. తన ముందున్న కాగితాల వైపు చూశాడు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"ముఝే భీ నహీ బతాయా గయా" అన్నాడు. నాకూ చెప్పలేదయ్యా అని.

ఆ మాటకి హాల్లో ఎవరికీ ధైర్యం రాలేదు, ఇంకాస్త భయమేసింది. బల్ల వెనక కూర్చున్నాయనకే తెలియకపోతే ఎవరికి తెలుసు? సాబ్ విచారణ వాయిదా వేస్తున్నట్టు చెప్పి లేచాడు. చిన్నాన్న మాత్రం వెళ్లి వరస చివర నిలబడ్డాడు. అయిపోయిందిరా అని ఉపదేశి గారు చెయ్యి పట్టుకుని తీసుకురావాల్సి వచ్చింది.

గెలిచారా అని మా కాలేజీ పిల్లలు అడుగుతారు. గెలిచామని చెప్పలేను. ఆ ఏడు ఇళ్లు ఉన్నాయి. పై ఏడు నీలం రంగుతో అంకెలేశారు, మేము మళ్లీ బస్సెక్కాం. చిన్నాన్న కోసం జీపు ఇంకా కొన్నిసార్లు వచ్చింది. వచ్చినప్పుడల్లా పేటలో ఎవరో ఒకరు వెంట వెళ్లి ఆ గేటు బయట కూర్చునేవారు, కులపెద్ద కూడా, బజారు పని మీదే. ఇన్నేళ్లూ ఆర్డర్లు చెయ్యలేని పనిని చివరికి సముద్రం ఒక్క పొద్దుటిపూట చేసేసింది. భూకంపానికి భూమి కుంగింది, సునామీ నీళ్లొచ్చి ఉండిపోయాయి. దానికి ముందు ఎవరూ సునవాయీ పెట్టలేదు. అప్పటికి మామ్మ లేదు, ఉంటే అడిగుండేది. నీళ్లు వెనక్కి తీసినప్పుడు కొన్ని గుంజలు ఇప్పటికీ కనపడతాయని జాలర్లు చెప్తారు. నేను వెళ్లి చూళ్లేదు.

నాకు చూడాలనిపించేది ఆ సాయంత్రం బస్సు. హాలు నుంచి వచ్చి ఎక్కాం. ప్రోతరాపూర్ దగ్గర సగం మంది దిగిపోయారు. అప్పుడు కండక్టరు వెనక్కి చూసి టిక్కెట్ల సంచి సర్దుకున్నాడు. వెనకాల జీపు వస్తోంది. ముందుకి పోదు, ఆగదు. బస్సాగితే ఆగుతుంది. దాని దీపాల వెలుగు బస్సు లోపల మా తలల మీద పడి, మలుపుల్లో గోడంతా పాకుతోంది. ఎవరూ వెనక్కి తిరిగి చూళ్లేదు. ఎవరికీ అది కనపడనట్టే కూర్చున్నారు. నేను అమ్మ ఒళ్లో ముఖం పెట్టుకున్నాను. చిన్నాన్న మా ముందు సీట్లో కిటికీ పక్కన ఉన్నాడు, మలుపు తిరిగినప్పుడల్లా వెలుగు కిటికీలోంచి సరిగ్గా ఆయన ముఖం మీదే పడుతోంది. మామ్మ లేచి, ఆయన మీదుగా వంగి, కిటికీ తెర కిందికి దించేసింది.

కాసేపు చీకటి. తర్వాత తెర పైకి లాగిన చప్పుడైంది.

"ఉండనీయే అమ్మా" అన్నాడు చిన్నాన్న. "గాలాడతంది."